సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

కారుకు వచ్చే జబ్బుల్లో మనిషిని బాగా ఏడిపించేది ఒకటుంది. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే తాళం తిప్పగానే తెలిసిపోతుంది. టక్కుమని ఒక చప్పుడు చేసి ఊరుకుంటుంది. అక్కడ అనుమానం లేదు, ఆశా లేదు. అలా కాక సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే, ఇంకొక్కసారి తిప్పితే వస్తుందేమో అనిపిస్తుంది. ఆ ఇంకొక్కసారి మీదే మంచి బ్యాటరీ కూడా ప్రాణం విడుస్తుంది. ఆదివారం పూట చీరాల మీదుగా వాడరేవు, రామాపురం బీచ్‌లకో, బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్‌కో వచ్చిన కార్లలో ఒకటి పొద్దుగూకే వేళకు ఈ స్థితిలో దొరకడం కొత్తేమీ కాదు. చుట్టూ నలుగురు చేరతారు. అందులో ‘తోద్దాం పట్టండి’ అనేవాడు తప్పకుండా ఉంటాడు. సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్న బండిని తోసి ఒరిగేది లేదు. సెల్ఫ్ చేసేదీ ఇంజన్ను బయటి బలంతో తిప్పడమే, తోసేవాళ్లు చేసేదీ అదే. ఆ పని ఎలాగూ జరుగుతోంది. జరగనిది వేరే ఉంది.

ఆ జరగనిదేమిటో వెతికిన తీరును మొదటి నుంచీ వరసగా చూసుకుంటూ వస్తే, జబ్బు మారలేదు గానీ అది దాక్కునే చోటు మారిందని తెలుస్తుంది. ఒకప్పుడు చేతికి అందేది. తర్వాత కంటికీ ముక్కుకీ చెవికీ అందింది. ఇప్పుడు ఇంజన్లో ప్రతి భాగమూ బాగుండి కూడా, కంప్యూటర్ ఒప్పుకోక బండి కదలని రోజులు వచ్చాయి.

1876లో జర్మనీలో నికొలస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్ను నడిపించిన నాటి నుంచీ పెట్రోలు ఇంజన్ అడిగేవి మూడే. సరిపాళ్లలో గాలీ పెట్రోలూ, దాన్ని నొక్కిపట్టే కంప్రెషన్, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. డీజిల్‌కు ఆ రవ్వ కూడా అక్కర్లేదు, నొక్కుడుకు పుట్టే వేడే చాలు. ఈ మూడింట్లో ఏది లోపించినా ఇంజన్ తిరుగుతుంది తప్ప అందుకోదు.

తొలినాళ్లలో సెల్ఫ్ లేదు. ముందు బంపరు దగ్గర హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పాలి. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ చుట్టకూడదని, మిగతా వేళ్ల వైపే ఉంచాలని ముందే చెప్పేవారు. రవ్వ ముందుగా పడితే ఇంజన్ వెనక్కి తన్నేది, మణికట్టు విరిగేది. ఆ ప్రమాదంలోనే ఒక సౌకర్యమూ ఉంది. కంప్రెషన్ ఉందో లేదో అరచేతికే తెలిసిపోయేది. పైకి లాగేటప్పుడు బరువుగా ఎదురు తిరిగి, పైకి రాగానే వదిలేస్తే సిలిండర్ బాగున్నట్టు. నాలుగింట్లో ఒక దగ్గర చెయ్యి తేలిపోతే అక్కడ వాల్వు కాలినట్టు. పరీక్ష, ప్రయత్నం ఒకటే పనిగా జరిగిపోయేవి.

దాన్ని రెండుగా విడగొట్టిన వాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన చార్లెస్ కెటరింగ్. 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్లకు బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో పనిచేసే ఇగ్నిషన్ అమర్చింది ఆయనే. 1912 క్యాడిలాక్‌లో కరెంటుతో తిరిగే సెల్ఫ్ పెట్టిందీ ఆయనే. అంటే సెల్ఫ్ తిరుగుతూ రవ్వ పడకపోవడమనే చిక్కులో రెండు కొసలూ ఒకే మనిషి చేతి నుంచి వచ్చాయి. మన దేశంలో హ్యాండిల్ మాత్రం అంత తొందరగా పోలేదు. అంబాసిడర్ డిక్కీలో జాకీ పక్కన ఆ ఇనప రాడ్డు దశాబ్దాల పాటు పడి ఉండేది. బ్యాటరీని నమ్మని డ్రైవర్లు చలికాలం పొద్దున్నే ముందు హ్యాండిల్‌తో రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టేవారు.

మధ్యలో ఒక విచిత్రమైన ఘట్టం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు ఆంధ్ర దేశపు రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక పొడుగాటి డ్రమ్ము, అందులో కట్టెబొగ్గు, దాన్ని సగం సగంగా మండించి తీసిన గ్యాసుతో ఇంజన్ నడిపేవారు. అందులో మండే సరుకు కార్బన్ మోనాక్సైడ్. క్లీనర్ ఫ్యాను తిప్పి తిప్పి నిప్పు రాజేయాలి. గొట్టం చివర అగ్గిపుల్ల చూపిస్తే గ్యాసు మండాలి, మంట నిలబడాలి. అప్పుడు గానీ ఇంజన్ జోలికి పోకూడదు. ఇంధనం తయారైందో లేదో స్టార్ట్ చేయకముందే కంటితో చూసుకున్న రోజులు అవి. మళ్లీ అలాంటి అవకాశం ఏ డ్రైవరుకీ రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మీద, ఇక్కడ తయారీ మొదలుపెట్టని విదేశీ కంపెనీలకు దారి మూసేశారు. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సర్దుకుని పోయాయి. కార్లలో చెప్పుకోదగ్గవి మూడే మిగిలాయి. ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ 1957 నుంచి చేసిన అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు చేసిన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. జనం దీన్ని కొరతగానే చూశారు, నిజంగా కొరతే. కారు బుక్ చేసి ఏళ్ల తరబడి కూర్చున్నారు. రోగనిర్ణయం వైపు నుంచి చూస్తే మాత్రం అదొక స్వర్ణయుగం. అంబాసిడర్ 2014 దాకా వచ్చింది. తర్వాత పద్మిని అని పేరు మారిన ఫియట్ కొత్త శతాబ్దపు గుమ్మం దాకా నడిచింది. ఇరవయ్యేళ్ల వయసులో చీరాలలోనో తెనాలిలోనో ఒక షెడ్డులో చేరి స్పానర్లు అందించిన కుర్రాడు, తాను మేస్త్రీ అయి తన దగ్గర మరో కుర్రాణ్ణి పెట్టుకునే దాకా అదే ఇంజన్ చూశాడు. నేర్చుకున్న విద్య జీవితాంతం చెల్లింది. ఇప్పటి మెకానిక్కుకు ఆ అదృష్టం లేదు.

ఆ మేస్త్రీలు వెతికే వరస ఏ పుస్తకంలోనూ చదివింది కాదు గానీ, పుస్తకం కన్నా కచ్చితంగా ఉండేది. ముందు కరెంటు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోకి వచ్చే లావుపాటి వైరు పీకి, ఇంజన్ బాడీకి పావు అంగుళం ఎడంగా పట్టుకుని, ‘కొట్టండి సార్’ అనేవాడు. లోపలున్న ఆసామి సెల్ఫ్ కొట్టేవాడు. రవ్వ నీలంగా, టపటపమంటూ దూకితే ఆ అధ్యాయం ముగిసింది. పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే కండెన్సర్ మీద అనుమానం. అసలే లేకపోతే క్యాపు ఊడదీసి పాయింట్లు చూడాలి. అవి మాడి నల్లబడితే గరుకు కాగితంతో రుద్ది, మధ్య ఎడం మళ్లీ కట్టాలి. అంబాసిడర్‌కు ఆ ఎడం 0.015 అంగుళం. అందుకు ఫీలర్ గేజి ఉంటుంది. అది లేనిచోట అగ్గిపెట్టె అట్ట ఉంటుంది. ఈ రవ్వ పరీక్షను ఇప్పటి కార్ల మీద ఎవరూ చేయకూడదు. ఆ వోల్టేజి దారి తప్పితే వేల రూపాయల కంప్యూటర్ కాలిపోతుంది, పట్టుకున్నవాడికీ క్షేమం కాదు.

కరెంటు ఉందని తేలాక పెట్రోలు. కార్బొరేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి సెల్ఫ్ కొడితే జివ్వుమని చిమ్మాలి. చిమ్మకపోతే ఇంజన్ పక్కనున్న పంపు, దాన్ని అందరూ ఏసీ పంపు అనేవారు, అందులో డయాఫ్రం చిరిగి ఉంటుంది. చిమ్మితే ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే కార్బొరేటర్‌లో జెట్టు మూసుకుంది. తడిసి ముద్దయి ఉంటే చోక్ ఎక్కువ లాగి, యాక్సిలరేటర్ తొక్కి తొక్కి ఇంజన్ను పెట్రోలులో ముంచేశారన్నమాట. ప్లగ్గులు తీసి, తుడిచి, కాస్త కాల్చి మళ్లీ బిగిస్తే మొదటి తిప్పుకే అందుకునేది. చివరి పరీక్షకు ఏ పనిముట్టూ లేదు. ప్లగ్గు తీసిన బెజ్జం మీద వేలు పెట్టి మూస్తే, సెల్ఫ్ తిరిగినప్పుడు గాలి ఆ వేలిని తన్నేయాలి.

ఈ కోస్తా గాలికి, ఎండకి తగ్గ జబ్బులు కొన్ని వేరే ఉండేవి. రోహిణి కార్తె ఎండల్లో గుంటూరు వెళ్లి వచ్చిన కారు ఊళ్లో పది నిమిషాలు ఆగితే మళ్లీ వచ్చేది కాదు. ఆగిన ఇంజన్ వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు, ఆవిరిని తోడలేదు. దీన్ని డ్రైవర్లు ఎయిర్ లాక్ అనేవారు. మందు తడిగుడ్డ. పంపు మీద కప్పి, ఓ చుట్ట కాల్చుకునేంత సేపు, అదీ దూరంగా వెళ్లి, ఆగితే సర్దుకునేది. కొమ్మమూరు కాలువ గట్టున ఆగిన కారుకు ఆ నీళ్లకు కరువు లేదు. వర్షాకాలంలో మరో తంతు. తెల్లవార్లూ ముసురు పట్టిన రాత్రి డిస్ట్రిబ్యూటర్ క్యాపు లోపల చెమ్మ చేరేది. ప్లగ్గుకు పోవలసిన కరెంటు ఆ తడి వెంట బాడీలోకి పారిపోయేది. పొడిగుడ్డతో తుడిస్తే పోయే జబ్బే. కానీ పదిసార్లు అలాగే జరిగితే క్యాపు మీద వెంట్రుకలాంటి నల్లటి గీత పడుతుంది, ఇక అది కరెంటుకు శాశ్వతంగా దొంగదారి. దాన్ని పట్టడానికి చూపు కావాలి.

ఉప్పుగాలి సంగతి అన్నిటికన్నా మొండిది. వాడరేవు వైపు, చినగంజాం ఉప్పు కొఠార్ల వైపు తిరిగే బండ్లకు బ్యాటరీ టెర్మినళ్లకు చిలుము, ఎర్త్ పట్టీకి తుప్పు త్వరగా పట్టేస్తాయి. ఎర్త్ సరిగ్గా లేకపోతే సెల్ఫ్ తిరుగుతుంది గానీ నీరసంగా. ఉన్న కరెంటంతా సెల్ఫే లాగేసుకుంటుంది, కాయిల్‌కు మిగిలేది చాలదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 9.6 కన్నా కిందికి జారితే ఇగ్నిషన్ను నమ్మడానికి లేదు. సెల్ఫ్ తిరిగే బండ్లలో తోస్తే వచ్చేది ఇదొక్కటే. మొదట్లో చెప్పిన ఆ ‘తోద్దాం పట్టండి’ బాపతు మనిషి ఎప్పుడో ఇలాంటి బండిని తోసి గెలిచి ఉంటాడు. అదే నమ్మకంతో మిగతా అన్నిటినీ తోయిస్తాడు. ఇప్పటి పెట్రోలు కారును అలా తోయడం హాని కూడా. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని కాల్చేస్తుంది.

డీజిల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కృష్ణా డెల్టా రైతుకు అది కారు కన్నా ముందే తెలుసు. కాలువలోంచి చేలోకి నీళ్లు తోడే ఇంజన్ దగ్గర నేర్చిన విద్య అది. ట్యాంకు ఒక్కసారి ఖాళీ అయితే పైపుల్లో గాలి చేరుతుంది. మళ్లీ డీజిల్ పోసినంత మాత్రాన రాదు. నట్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి స్వచ్ఛంగా కారేదాకా ఉండి బిగించాలి. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చి ఊరూరా డీజిల్ ట్యాక్సీ అయినప్పుడు, బాపట్ల, రేపల్లె పల్లెటూళ్ల డ్రైవర్లకు ఈ ఎయిర్ తీసే పని కొత్తగా నేర్పవలసిన అవసరం రాలేదు.

1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. చీరాల మేస్త్రీలకు అది మొదట బొమ్మలాగే కనిపించి ఉంటుంది. దాని ప్రభావం మాత్రం లోతైనది. అది ఊరికే చెడిపోయేది కాదు. బోనెట్ ఎత్తవలసిన పని తగ్గే కొద్దీ కారున్నవాళ్లకు బోనెట్ కింద ఏముందో చూసే అలవాటు పోయింది. అంబాసిడర్ యజమానికి కాయిల్ ఎక్కడుందో తెలుసు. మారుతి యజమానికి వర్క్‌షాప్ ఎక్కడుందో తెలుసు.

అసలైన మలుపు కారులోంచి కాదు, కాలుష్యం లెక్కల్లోంచి వచ్చింది. 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు, 2000లో దేశమంతటా అదే. ఆ ఏడే కొత్త కార్లకు పొగ ప్రమాణాలు బిగిశాయి. కార్బొరేటర్ ఆ లెక్కలకు తూగలేదు. పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు, వాటిని ఆడించే కంప్యూటర్, దానికి కబురందించే సెన్సర్లు వచ్చాయి. 1998లో దిగిన శాంట్రో కారు అలాగే వచ్చింది, మారుతి 800 కూడా 2000లో ఆ దారి పట్టింది. ప్రమాణాలు అక్కడ ఆగలేదు. 2017లో దేశమంతా భారత్ స్టేజ్-4, అంటే బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6.

పంపు ఇంజన్ పక్క నుంచి పెట్రోలు ట్యాంకు లోపలికి వెళ్లిపోయింది. ఎయిర్ లాక్ దాదాపు చరిత్రలో కలిసింది, ఎందుకంటే పైపులో సుమారు 3 బార్ల ఒత్తిడి మీద ఉన్న పెట్రోలు అంత తేలిగ్గా ఆవిరి కాదు. కానీ పంపు కంటికి కనబడకుండా పోయింది. చెవికి మాత్రం ఇంకా అందుతుంది. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి ఆపితే, చాలా కార్లలో వెనక సీటు కింద రెండు సెకన్ల పాటు జుయ్యిమని ఒక సన్నటి శబ్దం వస్తుంది. అది రాకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరసలో చూడాలి. పంపుకన్నా ముందు ఫ్యూజు చూడండి, అది పది రూపాయల వస్తువు. చెవితో పట్టే ఇంకొకటి టైమింగ్ బెల్టు. అది తెగితే సెల్ఫ్ మామూలుకన్నా తేలిగ్గా, ఎగుడుదిగుడు లేని ఒకే శ్రుతిలో తిరుగుతుంది. వాల్వులు కదలడం లేదు, కంప్రెషన్ లేదు. ఆ శబ్దం విన్నాక మళ్లీ సెల్ఫ్ కొట్టడం అంటే లోపల వంగిన వాల్వులను ఇంకా వంచడమే.

కంటికి పట్టే ఆనవాలూ ఒకటి మిగిలింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు మీటర్లో ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేవాలి. చాలా కార్లలో అది కదలకపోతే క్రాంక్ సెన్సర్ కబురు కంప్యూటర్‌కు అందడం లేదని అనుమానించవచ్చు. ఇంజన్ తిరుగుతోందని ఆ సెన్సర్ చెబితేనే కంప్యూటర్ పెట్రోలు చిమ్ముతుంది, రవ్వ పుట్టిస్తుంది. సెన్సర్ వేడెక్కినప్పుడు మూగబోయి, చల్లారాక మళ్లీ పనిచేస్తుంటుంది. పాతకాలపు ఎయిర్ లాక్ లక్షణాలు అచ్చంగా ఇవే. తడిగుడ్డ వేస్తే తగ్గినట్టు కనిపించి పెద్ద మేస్త్రీలను కూడా మోసం చేస్తుంది.

దీని తర్వాతి మెట్టు ఇమ్మొబిలైజర్. తాళంచెవి తలలో ఒక చిప్పు ఉంటుంది. దాని సంకేతం సరిపోతేనే ఇంజన్‌కు అనుమతి. సరిపోకపోతే కొన్ని కార్లలో సెల్ఫ్ మామూలుగా తిరుగుతుంది, లేదా ఒక్క క్షణం ఇంజన్ అందుకుని చచ్చిపోతుంది. మీటర్లో తాళం బొమ్మ మిణుకుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్న రెండో తాళంచెవి తెచ్చి చూడటమే మొదటి వైద్యం. బీఎస్-6 డీజిల్ బండ్లు కొన్ని ఇంకో అడుగు ముందుకు వేశాయి. పొగను శుభ్రపరిచే యాడ్‌బ్లూ ద్రావణం నిండుకుంటే, ముందుగా కిలోమీటర్లు లెక్కపెట్టి హెచ్చరించి, ఆ తర్వాత ఆపిన ఇంజన్ను మళ్లీ స్టార్ట్ కానివ్వవు. డీజిల్ ఉంది, కంప్రెషన్ ఉంది, బ్యాటరీ ఉంది. పాత మేస్త్రీ వరసలో ఈ జబ్బుకు గది లేదు.

అందుకే స్కానర్ వచ్చింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెడితే తప్పు నంబరు చూపిస్తుంది. ‘పీ0335’ అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. ఆ నంబరు సెన్సర్ చెడిపోయిందని చెప్పదు, ఆ సర్క్యూట్లో లోపం ఉందని మాత్రమే చెబుతుంది. డెల్టాలో పొలాల పక్క కొట్టంలో పెట్టిన కారుకు వైరును ఎలుక కొరికి ఉండవచ్చు. సముద్రం పక్క ఊళ్లో కనెక్టర్ పిన్నుకు చిలుము పట్టి ఉండవచ్చు. నంబరు చూసి కొత్త సెన్సర్ వేసి, బండి రాక, ఆ తర్వాత కంప్యూటరే మార్చాలని చెప్పే షెడ్లు ఉన్నాయి. మంచి మెకానిక్ నంబరు చూశాక కూడా టార్చిలైటు పట్టుకుని కిందికి దూరతాడు. చీరాలలో అలాంటివాళ్లు ఉన్నంతకాలం ప్రతి చిన్నదానికీ కారును గుంటూరుకో విజయవాడ ఆటోనగర్‌కో టోయింగ్ బండి మీద ఎక్కించవలసిన పని లేదు.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన నాటికి ఈ తీరంలో కార్లు తక్కువ. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటే నాటికి చిన్న ఊళ్లలో కూడా వాకిలికో కారు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి, దిగువన రేపల్లె వైపు లంకలను ముంచింది. అటు విజయవాడలో బుడమేరు నీళ్లలో కార్లు వీధులకు వీధులే మునిగాయి. అలా మునిగిన కారుకు సెల్ఫ్ కొట్టి చూడటమే అన్నిటికన్నా పెద్ద తప్పు. సిలిండర్లో చేరిన నీరు గాలిలా నలగదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వేలల్లో పోయే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. బ్యాటరీ వైరు ఊడదీసి, ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు విప్పి, నీరు బయటికి తోడి, ఆయిల్ మార్చాకే తిప్పాలి.

ఇప్పుడు పెట్రోలులోనే 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఈ20 రెండేళ్లలో దేశమంతా పాకింది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది. కొద్ది నీటిని తనలో కలుపుకుంటుంది గానీ, హద్దు దాటితే నీళ్లతో పాటు తానూ పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. పంపు తోడేది ఆ అడుగునుంచే. ఏడాదికి రెండుసార్లు, పండక్కీ పెళ్లికీ మాత్రమే బయటికి తీసే కార్లకు, అందులోనూ విదేశాల్లో ఉన్న పిల్లలు కొనిచ్చి పోగా ఇంటి ముందు కవరు కప్పుకుని నిలబడ్డ కార్లకు, ఇది పొంచి ఉన్న జబ్బు. ట్యాంకు సగం ఖాళీగా వదిలేసి ఊరికి పోకపోవడమే దానికి తగిన జాగ్రత్త.

విద్యుత్ కార్లలో తిరిగే సెల్ఫే లేదు కనక ఈ జబ్బు అక్కడికి రాదనుకోవచ్చు. పూర్తిగా నిజం కాదు. సీట్ల కింద వందల వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నా, దాన్ని మోటారుకు కలిపే స్విచ్చులను మూసే పని ముందు భాగంలో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీది. అది పడుకుంటే ‘రెడీ’ దీపం వెలగదు. చీరాలలో ఇప్పటికే ఒకరిద్దరు మెకానిక్కులు జంపర్ వైర్లు తెచ్చి ఆ చిన్న బ్యాటరీకి తగిలిస్తుంటే వింతేమీ లేదు. ముందుగా వాళ్లు చూసేది దాని టెర్మినళ్ల మీద పట్టిన చిలుమునే.